బాపు బాణీ

"బాపూ, నీ బాణీని సైటులకెళ్లి తీసేసిండ్రు!"

జమున ఫోన్ పట్టుకుని తండ్రి మంచం దగ్గరికి వచ్చింది. ఆమె గోదావరిఖనిలో ఓ ప్రైవేటు బడిలో పిల్లలకు పియానో నేర్పుతుంది. పియానో నోట్స్ ఉచితంగా దొరికే సైటు ఒకటుంది. గనిలో పనిచేసే రోజుల్లో తండ్రి సదానందం కట్టిన బాణీని నోట్స్‌గా రాసి నిన్ననే అందులో పెట్టింది.

"హక్కులు ఏదో క్యాసెట్ల కంపెనీవట. అమ్మినవా?"

"అమ్మిన." బొగ్గు దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు సదానందాన్ని మాట మాటకూ ఆపుతున్నాయి. "మీ అమ్మ దవాఖానల ఉండె. అమ్మినా ఆమె దక్కలే."

ఊపిరి తీసుకుని ఆయనే అడిగాడు.

"మరి పాతోళ్ల బాణీలు అండ్ల ఊకెనే ఎట్ల దొరుకుతున్నయి?"

"కట్టినోళ్లు పోయి అరవై ఏండ్లు దాటితే అందరియైతయి బాపూ."

ఆయన వేళ్ల మీద లెక్క పెట్టబోయి మానేశాడు.

"అంటే నేను పోయినంకనే లెక్క మొదలైతదన్నట్టు."

ఫోన్‌లో సైటు వాళ్లకు ఫిర్యాదు రాస్తున్న జమున తలెత్తింది.

"ఇగ నాకు దవాఖాన ఎందుకు తియ్యి బిడ్డా. నేనెంత జల్ది పోతే పిల్లలకు అంత జల్ది దొరుకుతది."

నవ్వబోయాడు. దగ్గు ముంచుకొచ్చి మంచం మీద ముడుచుకుపోయాడు. జమున ఆయన వీపు నిమురుతూ కూర్చుంది. పొద్దున్నుంచి బాణీ గురించే మాట్లాడింది కానీ, రాత్రి నిద్ర పట్టిందా అని ఒక్కసారైనా అడగలేదు.

సైటు వాళ్లకు సగం రాసిన ఫిర్యాదును చెరిపేసింది.

"వాళ్లనే ఉంచుకోనియ్యి బాపూ. నాకద్దు," అంది, ఆయన కాళ్లకు చెప్పులు తొడుగుతూ. "లే, దవాఖానకు పోదాం, ఆటో వచ్చింది."