నీలం గింజలు

పొట్లం విప్పగానే హర్షిణి మొహం మాడిపోయింది. నిన్న సాయంత్రం నీలంగా ఉన్న గింజలు మళ్లీ గులాబీ రంగుకు తిరిగాయి.

"చూడు బాపు. ఇయ్యాల గూడ నీళ్ళు తాగినయి."

సదానందం వంగి చూశాడు. తేమ పీల్చే ఆ పొట్లాలను కరీంనగర్ నుంచి తెచ్చిందీ, గిటార్ సంచిలో సర్దిందీ అతనే. గింజ నీలంగా ఉంటే చెక్క పొడిగా ఉన్నట్టు, గులాబీ రంగుకు తిరిగితే తేమ పట్టినట్టు. రోజూ కొత్త పొట్లం పెడుతున్నాడు. రోజూ తెల్లారేసరికి రంగు మారుతోంది. గిటార్ పొట్ట ఉబ్బింది. తీగలు పైకి లేచి, నొక్కితే వేళ్లు కోసుకుపోతున్నాయి. శ్రుతి నిలవడం లేదు.

కరీంనగర్‌లోని ఓ ప్రైవేటు బడిలో సంగీతం టీచరు కొలువుకు ఈ మధ్యాహ్నమే ఆఖరి పరీక్ష. పిల్లల ముందు వాయించి చూపాలి. దీనికోసం హర్షిణి ఏడాదిగా వేళ్లు అరగదీసుకుంది.

సదానందం గిటార్ అమ్మిన ఓంప్రకాశ్‌కు ఫోన్ కలిపాడు. కూతురికి కూడా వినిపించాలని స్పీకర్ పెట్టాడు.

"సేట్, నేనొక మాట అంట, గుస్స కాకు," అన్నాడు ఓంప్రకాశ్. "వానకాలం గాలి ఎంత తడిగున్నా, జిప్పేసిన సంచిల పొట్లం ఒక్క పూటకే ఇట్ల మారదు. ఇది గాలి పని కాదు. ఎవరో చేస్తున్నరు."

స్పీకర్ పెట్టి తప్పు చేశానని సదానందానికి అప్పుడు తోచింది. హర్షిణి అతని వంకే చూస్తోంది.

చూడటానికి కారణముంది. చొప్పదండిలో సదానందం కార్ఖానా పెట్టి కూలీలతో బీడీలు చుట్టించే కమీషన్‌దారు. ఆ కొలువు సంగతి వచ్చినప్పుడు, "గదెందుకు బిడ్డా? కార్ఖానల గల్ల మీద కూసో, పైసల లెక్క చూస్కో. నాకు నమ్మకమున్న మనిషి కావాలె," అని అన్నది తానే. తర్వాత బిడ్డ పట్టుదల చూసి మెత్తబడ్డాడు. ఆ మాట మాత్రం ఆమె మరిచిపోలేదు.

కార్ఖానాలో సరుకు తగ్గితే సదానందం మొదట అడిగేది ఒక్కటే: దీంతో లాభం ఎవరికి? ఇప్పుడూ అదే అడిగి చూసుకున్నాడు. భార్య వినోదకా? కొలువు వస్తే పోచమ్మకు బోనం మొక్కుకున్నది ఆమే. తల్లి లింగవ్వకా? బీడీలు చుట్టి కూడబెట్టుకున్న పీఎఫ్ పైసలతో మనుమరాలికి గిటార్ కొనిచ్చింది ఆమే. ఎండాకాలంలో పొడిగాలికి గిటార్ పక్కచెక్క సన్నగా పగిలితే, ఓంప్రకాశ్ అతికించి ఇచ్చేదాకా ముసలమ్మ సరిగ్గా అన్నం తినలేదు. అందుకే ఈసారి సంగతి ఆమె చెవిన వేయొద్దని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఇక మిగిలిందెవరు? లెక్క ఎటు తిప్పినా తన పేరు దగ్గరే వచ్చి ఆగుతోంది.

"నిన్న గిటార్ అవ్వ అర్రల పెట్టినం," అన్నాడు. "ఇంట్ల వాన నీళ్లు ఉరువని అర్ర అదొక్కటే. గడపకు అడ్డంగ నేనే పండుకున్న. పిల్లి గూడ నన్ను దాటి పోలే."

"నేను గూడ అదే అంటున్న బాపు. నిన్ను దాటి ఎవరు పోలే."

కార్ఖానాలో ఎందరినో సదానందం ఇలాగే నిలబెట్టి అడిగాడు. వాళ్లలో ఎందరు నిజం చెప్పి ఉంటారో ఎన్నడూ ఆలోచించలేదు.

"నేను ఎందుకు చేస్త బిడ్డా?"

"నీకు గల్ల మీద మనిషి కావాలె గద."

వినోద వంటింట్లోంచి వచ్చి, "నోరు మూయవే, బాపుతోని మాట్లాడే తీరేనా ఇది?" అంది. అంది కానీ మొగుడి మొహం చూడలేదు. సదానందానికి బిడ్డ మాట కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఓంప్రకాశ్ దుకాణంల ఇంకో గిటార్ ఇప్పిస్త. నేనే తోల్కపోత, నడువు," అన్నాడు.

"వద్దు. అది గూడ తొవ్వల ఖరాబ్ చేస్తవు."

ఆమె గిటార్‌ను మంచం మీద వదిలేసి చెప్పులేసుకుంది. బడికి పోయి, పరీక్షకు రానని చెప్పి వస్తానంది. తిరిగొచ్చాక గల్ల మీద కూర్చుంటానంది. "నీ లెక్క నీకు సరిపోతది," అంది. ఎదురు చెప్పడానికి సదానందం దగ్గర సాక్ష్యం లేదు, సాక్షీ లేడు.

అరుగు మీద లింగవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆ పని మానేసి ఏళ్లయినా చేయి ఊరుకోదు. ఉత్త చేతులతో మెట్లు దిగుతున్న మనుమరాలిని చూసి కత్తెర పక్కన పెట్టింది.

"ఏందే, ఉత్తగ పోతున్నవు? నీ గిటార్ ఏది?"

హర్షిణి ఆగింది. ఇక దాచి లాభం లేదనుకుంది.

"ఖరాబైంది నానమ్మా. ఇగ అది మోగదు."

లోపల సదానందం కళ్లు మూసుకున్నాడు. తన పేరు ఇప్పుడు తల్లి చెవిన కూడా పడబోతోంది.

ముసలమ్మ బోసినోటితో నవ్వింది.

"ఎట్ల ఖరాబైతది పిచ్చిదానా? మల్ల పగలకుండ, బీడీల తునికాకు లెక్క, రోజూ రాత్రి నేను తడిబట్ట చుట్టి తెల్లారంగ తీస్తలేనా?"