రేపటి పేజీ

తనిఖీ రిజిస్టరులో రేపటి పేజీ ఈరోజే నిండిపోయి ఉంది.

అది బస్సులకు బ్రేకు పైపులు తయారుచేసే ఫ్యాక్టరీ. రాజాంలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే నేను, నాణ్యత మీద నా పరిశోధన కోసం వచ్చాను. చూసి నేర్చుకుంటారని విద్యార్థుల్నీ తెచ్చాను. మా కాలేజీ బస్సుకు పోయినవారమే ఇక్కడి పైపులు వేశారు.

"ఈ పైపులింకా తయారే కాలేదు. ప్రెషర్ అంకెలెలా వేశావు?" అని తనిఖీ చేసే ధనరాజ్‌ని అడిగాను.

"ఎల్లుండి ఆడిట్ వాళ్లొస్తన్నారు మేడం. ముందే రాసేసినాను."

"పాతవైనా పరీక్షించావా?"

"మిషను పాడయిపోయి నెల్లాళ్లవుతాది."

పేజీలు వెనక్కి తిప్పాను. ఏ రెండంకెలూ ఒకేలా లేవు. నిజంగా కొలిచినట్టే ఉన్నాయి.

"ఇలా రాయడం ఎవరు నేర్పారు నీకు?"

అతను సిగ్గుపడుతూ నవ్వాడు. "నన్ను గుర్తుపట్టలేదేటి మేడం? మీ స్టూడెంటునే. కాలేజీకి కమిటీ వస్తాదని మాసేత ల్యాబ్ రికార్డులు రాయించినారు కదా. ప్రయోగం సెయ్యకపోయినా, అంకెలు కాస్త అటూ ఇటూ మార్చి రాస్తే నమ్ముతారని మీరే సెప్పినారు."

బయట, విద్యార్థులు ఎక్కి కూర్చున్న మా బస్సు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"దిగండి! అందరూ దిగిపోండి!" అని అరుస్తూ పరుగెత్తాను.

ల్యాబ్ రికార్డులు ఒళ్లో పెట్టుకుని అంకెలు వేసుకుంటున్న నా విద్యార్థులు తలెత్తారు.

"ఎందుకు మేడం?"