పై అంతస్తుకి నీళ్ళు

“ఆపండి మీ సోది! ముందు పై అంతస్తుకి నీళ్ళెప్పుడొస్తాయో చెప్పండి!”

సెల్లార్లో మైకు ఆగిపోయింది. కుర్చీల్లో తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. మెట్ల దగ్గర నిలబడి ఆయాసపడుతున్నాయన డ్రైవింగు స్కూల్లో కారు నేర్పే మాస్టారు. బ్రేకుకీ క్లచ్చికీ తేడా తెలియనివాళ్ళ పక్కన రోజంతా కూర్చుని, “పర్లేదమ్మా, పర్లేదు బాబూ” అంటూ కోపాన్ని మింగి మింగి ఇంటికొచ్చే మనిషి. ఆ మింగిందంతా ఇవాళ తన్నుకొచ్చింది.

రాదూ మరి! సాయంత్రం కౌన్సిలరు ఊరేగింపని నడిరోడ్డు మీద బళ్ళన్నీ ఆపేశారు. ఆ హారన్ల గోలలోనే భార్య ఫోను చేసింది.

“నిన్నట్నుంచీ చుక్క నీళ్ళు లేవండీ. మామయ్యగారు పక్క తడిపేసుకున్నారు. కడగడానికి చెంబుడు నీళ్ళయినా లేవు. పాపం, సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నారు. సంపు నిండా ఉన్నాయట, మోటారు మాత్రం వెయ్యరట. సెల్లార్లో మీటింగుంది, తొందరగా రండి. మనవాళ్ళెవరికీ నోరు పెగలదు, మీరే అడగాలి.”

బండి ఎక్కడిదక్కడ వదిలేసి నడిచొచ్చాడు. ఇక ఈ వీధి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క దీపం వెలగదు. పైపుల కోసమని తవ్విన గోతులు పూడ్చే నాథుడు లేడు. కట్టిన బిల్డరు బుర్రలో ఒక్కటే ప్లాను కాబోలు, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అవే గేట్లు, అవే పసుపు గోడలు, అవే బీటలు. గోడకో కౌన్సిలరు పోస్టరు. నీళ్ళడిగినా నవ్వే, దీపమడిగినా నవ్వే! ఫోను వెలుగులో ఒక గోతిని తప్పించుకోబోయి ఇంకోదాంట్లో కాలు పెట్టి, తిట్టుకుంటూ లేచి, లోపల్నుంచి మైకు వినపడగానే గేటు తోసుకుని దిగిపోయాడు.

“ఎవరండీ మీరు? ఎప్పుడూ చూడలేదే!” అన్నాడు ప్రెసిడెంటు.

“ఎందుకు చూస్తారు? మేం దిగి నెల్లాళ్ళయింది. ఒక్కరైనా తలుపు తట్టి ‘బాగున్నారా’ అన్నారా? లిఫ్టులో ఎదురుపడితే ఫోన్లు చూసుకోవడమే గానీ మొహాలు చూసుకునే అలవాటుందా మనకి?”

“నిజమే,” అని ముందు వరసలో ఎవరో గొణిగారు.

“కూర్చోండి సార్, నిదానంగా మాట్లాడుకుందాం,” అన్నాడు పక్కనున్న సెక్రటరీ. “రేపు కౌన్సిలరుగారు వస్తున్నారు కదా, ఆ ఏర్పాట్ల గురించి...”

“ఆయన ఏర్పాట్లకీ మా పంపుకీ ఏమిటండీ సంబంధం?”

సెక్రటరీ నీళ్ళు నమిలాడు.

“ఆ నమిలే నీళ్ళేవో పైకి వదలండి, పుణ్యముంటుంది!”

సెల్లారంతా ఘొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు.

“అది కాదు సార్. పొద్దున్నే సెల్లారు కడిగించాలి, గేటు ముందు దుమ్ము లేవకుండా తడిపించాలి. అందుకని సంపులో నీళ్ళు అట్టేపెట్టాం. ఈ ఒక్క పూట సర్దుకుంటే...”

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“సర్దుకోవాలా? ఆయనగారి చెప్పులకి దుమ్మంటకూడదని మా నాన్న తడిసిన పక్కలో పడుండాలా? మంచం దిగలేని మనిషండీ! మీ ఇంట్లో మీ నాన్నయితే సర్దుకోమంటారా? ఓట్లప్పుడు ఇంటింటికీ వచ్చి వంగి వంగి దణ్ణాలు పెట్టిందెవరు? ఆయన. ఇప్పుడు వంగుతున్నదెవరు? మనం! సిగ్గులేదూ మనకి? ముందు ఆ గోతులు పూడ్చమనండి. దీపాలు వెయ్యమనండి. రేపు ఆ దుమ్ములోనే నడిచి రమ్మనండి, రోజూ మనం నడవట్లేదా?”

 

“మాకూ రావట్లేదు నీళ్ళు!” వెనక వరసలో ఒక నర్సు లేచింది, డ్యూటీ బట్టల్లోనే ఉంది. “స్నానం లేకుండా ఆస్పత్రికి పోతున్నా. అడిగితే గొడవని ఇన్నాళ్ళూ ఊరుకున్నా. ఇంక ఊరుకోను.”

ఆవిడ పక్కనే ఒక పెద్దాయన చేతికర్ర నేలకేసి కొట్టాడు. “మోటారు వెయ్యండి!”

ఇంకొకరు లేచారు. ఆ వెనకే ఇంకో నలుగురు. ఇందాకటిదాకా తలలూపుతూ కూర్చున్నవాళ్ళేనా వీళ్ళు అనిపించింది. ప్రెసిడెంటు చేతులెత్తేశాడు.

“సరేనయ్యా బాబూ, వేయిస్తాం.”

“వేయిస్తాం కాదు. ఇప్పుడే. నా కళ్ళముందే.”

సెక్రటరీ మొహం మాడ్చుకుని వెళ్ళి స్విచ్చి నొక్కాడు. మోటారు గుర్రుమంది. పైపుల్లో నీళ్ళు బుడబుడమంటూ పైకెక్కుతుంటే సెల్లారంతా చప్పట్లు. పెద్దాయనైతే మాస్టారి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

“ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా నువ్వు? ఈసారి నిన్నే ప్రెసిడెంటుని చేస్తాం.”

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. ఎన్నాళ్ళకి ఒక మాట నెగ్గింది! చెయ్యి విడిపించుకుని ఇంటికి ఫోను చేశాడు.

“పంపు తిప్పు! నీళ్ళొచ్చేస్తున్నాయి. ముందు నాన్నకి ఒళ్ళు తుడిచి బట్టలు మార్చు.”

“ఎక్కడొస్తున్నాయండీ మీ నీళ్ళు?” భార్య గయ్యిమంది. “మీకోసం చూసి చూసి నేనే సెల్లార్లోకి దిగొచ్చాను. మన ప్రెసిడెంటమ్మ మోటారు వెయ్యనంటే వెయ్యనంటోంది. గట్టిగా అడిగే దిక్కు లేదు. అసలు మీరెక్కడ తగలడ్డారు?”

మాస్టారు చుట్టూ చూశాడు.

అది పక్క బిల్డింగు.