తిరుగుటపాలో పట్టుచీర

"అమ్మిన చీరల్లో సగం వెనక్కొచ్చేస్తుంటే ఇంకెవరు పెట్టుబడి పెడతారమ్మా?" అంటూ తేజేశ్వర్ ల్యాప్‌టాప్ మూసేశాడు.

ఎదుటి సోఫాలో దేదీప్య మొహం వాడిపోయింది. ఆన్‌లైన్‌లో చీరలమ్మే కంపెనీ ఆమెది. తేజేశ్వర్, అతని స్నేహితులు కలిసి డబ్బు పెడితే నిలబడుతుంది, లేకపోతే మూతే.

"క్వాలిటీ ప్రాబ్లమ్ కాదంకుల్. శుక్రవారం డెలివరీ తీసుకుంటారు, సోమవారం రిటర్న్ చేస్తారు."

"అంటే ఫంక్షన్‌కి కట్టేసి పంపేస్తున్నారా? సిగ్గుండక్కర్లా జనానికి!"

అంతలో గీతాంజలి పట్టుచీరలో గలగలా మెట్లు దిగొచ్చి, భర్తకు వీపు తిప్పి నిలబడింది.

"ఏవండీ, గృహప్రవేశానికి లేటవుతోంది. పైటకి పిన్ను పెట్టండి. జాగ్రత్త, ట్యాగ్ తెగకూడదు."

ట్యాగ్ మీద దేదీప్య కంపెనీ పేరు చూసి తేజేశ్వర్ చెయ్యి ఆగిపోయింది.

"ఇది... కొన్నావు కదా?"

"ఇవాళ ఫొటోలు గ్రూపులో పడ్డాక మళ్లీ ఎలా కడతానండీ? సోమవారం పంపేస్తా. పాపం, ఆ కంపెనీ వాళ్లు మంచోళ్లు, ఒక్క మాటడగరు."

దేదీప్య నవ్వాపుకుంది. "ఆ రంగు మీకు భలే నప్పింది ఆంటీ."

తేజేశ్వర్ ట్యాగ్‌ని పదిలంగా మడతలోకి దోపి, పిన్ను పెట్టాడు. కాసేపు ఆ చీరనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచాడు.

"దేదీప్యా, ఇక అమ్మడం మానెయ్. అద్దెకివ్వు."

"తీసుకుంటారంటారా అంకుల్?"

"తీసుకుంటున్నారుగా!" అంటూ పర్సు తీశాడు. "ఇదిగో, మొదటి అద్దె."