పది లోపు నలుపు

"బొగ్గు ఊర్ల ఉండి నలుపు అచ్చెయ్యరాదా అస్గర్ భాయ్?"

ఉపేందర్ నవ్వుతూనే అన్నాడు. అస్గర్‌కు మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది.

ఉపేందర్ హైదరాబాద్‌లో ఒక జుట్టు రంగు కంపెనీ మనిషి. ఆయన తలకూ ఆ రంగే. చెవుల దగ్గర మాత్రం నిజం తొంగిచూస్తోంది. గోదావరిఖనిలో అస్గర్ ప్రెస్సుకు ఆయన రావడం ఇది మూడోసారి.

కంపెనీకి కటిక నల్లని డబ్బాలు కావాలి. అచ్చయిన నలుపును కొలవడానికి అరచేతిలో పట్టే యంత్రం ఒకటి తెచ్చాడు. అది వెలుగు వేసి, తిరిగొచ్చిన వెలుగును లెక్కగడుతుంది. తెల్ల కాగితం మీద పెడితే వందకు దగ్గరగా చూపిస్తుంది. నలుపు ముదిరేకొద్దీ అంకె తగ్గుతుంది. పది లోపు రావాలి.

మొదటిసారి పద్నాలుగు. రెండోసారి సిరా దట్టంగా వేస్తే పన్నెండు. ఇంకా దట్టంగా వేస్తే ఆరక, డబ్బాలు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఊళ్లో దుమ్ము అన్నిటినీ నల్లగా చేస్తుంది, అస్గర్ డబ్బాలను తప్ప.

"కంటికి అన్నీ ఒక్కతీరే ఉన్నయ్ కద సార్. కొనేటోడు మిషన్ పట్టుకొని దుకాణానికి వస్తడా?"

"నాకెరికే భాయ్. మా సేటు నంబరే చూస్తడు. ఇయ్యాల రాకుంటే ఆర్డర్ హైదరాబాద్‌ల ఇస్తం."

పెళ్లి పత్రికలు ఫోన్లలోకి వెళ్లినప్పటి నుంచి ప్రెస్సు ఈగలు తోలుకుంటోంది. ఇదీ పోతే షట్టర్ దించాల్సిందే. డబ్బాలు అతికించే భార్య అఫ్షీన్ పని ఆపి మనసులో దువా చేసుకుంటోంది.

అస్గర్ కొత్త డబ్బాను రెండు చేతులా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"మిషన్ ఇటియ్యిన్రి సార్, నేనే పెడ్త. కొత్త అచ్చు, గీతలు వడ్తయ్."

యంత్రం కుయ్‌మంది. ఉపేందర్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

ఒకటి.

"ఇంకోసారి నొక్కు."

అస్గర్ యంత్రాన్ని కదపకుండా నొక్కాడు. మళ్లీ ఒకటే.

"గింత నలుపు హైదరాబాద్‌ల గూడ చూడలే! ఏం కలిపినవ్ భాయ్?"

"కలుపుడేం లేదు సార్. ఉన్నదాంట్లకెల్లే జరంత తీసేసిన."

చెప్పకూడని కిటుకేదో ఉందనుకుని ఉపేందర్ కన్ను గీటాడు. ఆర్డరు ఖాయం చేసి, రైలు టైమైందని రామగుండం స్టేషన్‌కు ఆటో ఎక్కాడు.

అఫ్షీన్‌కు ఆనందం ఆగలేదు. అంత గొప్ప నలుపు ఎలా ఉంటుందోనని, యంత్రం పెట్టిన చోట చిటికెన వేలితో మెల్లగా తడిమితే, వేలు డబ్బా లోపలికి దిగిపోయింది.