వాల్వు మీద ఆఖరి తాళం

“కోసెయ్యండయ్యా ఆ తాళం!” మేనేజరు అరిచాడు.

సేఫ్టీ ఆఫీసరు గ్యాసు వాల్వుకి అడ్డంగా నిలబడ్డాడు. మరమ్మతుకని ఫర్నేసులోకి దిగే ప్రతివాడూ ఆ వాల్వుకి తన తాళం వేసి, బయటికొచ్చాక తీసుకోవాలి; అన్నీ తీశాకే గ్యాసు వదలాలి. నలభైమంది తీశారు. ఒక్కటి మిగిలింది.

“వేసినవాడే తియ్యాలి సార్.”

“నాదేనండీ,” కాంట్రాక్టు వెల్డరు నసిగాడు. “తాళంచెవి మా ఆవిడ దగ్గరుంది.”

“ఇంటికెందుకు పంపావయ్యా?” సేఫ్టీ ఆఫీసరు అడిగాడు.

“అది మా ప్రాణం, పోగొట్టుకోవద్దని మీరే చెప్పారు కదండీ! నా దగ్గర గొడుగే నిలవదు.”

అరగంటకు ఆవిడ ఆటో దిగింది. మేనేజరు చెయ్యి చాపాడు.

“మీకెందుకండీ? ముందు మా ఆయన్ని చూడనివ్వండి.”

మొగుణ్ణి ముందుకీ వెనక్కీ తిప్పింది. తొడుగులు విప్పించి వేళ్లు లెక్కపెట్టింది.

“పదీ ఉన్నాయి. మరి లోపల ఇంకెవరూ లేరుగా?”

పొద్దుటినుంచీ మేనేజరు టైమెంతైందని తొమ్మిదిసార్లు అడిగాడు. ఈ మాట ఒక్కసారీ అడగలేదు. ఆయన చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

“ఇంకోసారి చూసి రండయ్యా,” అన్నాడు.

సేఫ్టీ ఆఫీసరు టార్చిలైటు అందుకున్నాడు. ఆవిడ తాళంచెవి గుప్పిట్లో బిగించి, మేనేజరు కుర్చీలో కూర్చుంది.

“తొందరేం లేదు బాబూ, నిదానంగా చూడు.”