ఒక్క గీత మిగిల్తే

కాబోయే అత్తగారు ఇల్లు అతని మీద వదిలి బయలుదేరారు. ఇంతకంటే శుభసూచకం ఉంటుందా!

"రేపటి మీటింగుకి కాగితాలు ప్రింటు తీయించుకుని గంటలో వచ్చేస్తాం నాయనా. కాస్త కూర్చో. వచ్చాక మాట్లాడుకుందాం," అన్నారావిడ చెప్పులు వేసుకుంటూ.

కూతురు స్కూటర్ తాళం తీసుకుంటూ అతని చెవిలో ఊదింది. "ఈరోజు అమ్మ ఏదో ఒకటి తేల్చేస్తుంది. నువ్వు మాత్రం అతి చేయకు. బుద్ధిగా కూర్చో."

బుద్ధిగా కూర్చోవడం, ఆ ఒక్క విద్యా అతనికి పట్టుబడలేదు.

అతనికి బజారులో చిన్న దుకాణం ఉంది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, కెమెరాల లోహపు ఒంటి మీద పడిన సన్న గీతలు పోగొట్టడం అతని పని. బోర్డు మీద 'గీతల డాక్టర్' అని తనే రాయించుకున్నాడు. ఆ పట్టా ఎవరిచ్చారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఈ అమ్మాయి మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు కూడా ముందు ఆమె ల్యాప్‌టాప్ మూత చూశాడు, తర్వాత తీరిగ్గా ఆమె ముఖం చూశాడు. రెండూ నచ్చాయి.

వాళ్ళమ్మగారికి మాత్రం అతను ఇంకా నచ్చలేదు. "మాట్లాడేది ఎక్కువ, వినేది తక్కువ," అని తొలిరోజే అనేశారట. ఆవిడ ఔనంటేనే పెళ్ళి. కూతురు ఆ విషయంలో తల్లి మాట దాటే రకం కాదు. అందుకని ఆవిడ మనసు గెలిచే అవకాశం కోసం మూడు నెలలుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాడు. ఆవిడ ఏం ఉద్యోగం చేస్తారో అడిగి ఉంటే ఏదైనా దారి దొరికేదేమో. అడగడానికి తన మాటల మధ్య తనకే సందు దొరకలేదు.

ఇప్పుడు ఆ అవకాశం దానంతట అదే బల్ల మీద కనిపించింది.

మూడు ఫోన్లు. చూడ్డానికి ఒకే రకం. మెత్తటి గుడ్డ పరిచిన పళ్ళెంలో, స్టీలు వీపు పైకి పెట్టి వరసగా ఉన్నాయి. మొదటిదాని మీద నాలుగు గీతలు. రెండోదాని మీద నలభై. మూడోది దున్నిన పొలం.

గీతల డాక్టర్ గుండె తరుక్కుపోయింది.

కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చూశాడు. రోగమేమిటో క్షణంలో తేలిపోయింది. తాళంచెవులు! ఫోనూ తాళంచెవులూ ఒకే సంచిలో పడేసుకుంటారన్నమాట. ఒకటి పాడవగానే ఇంకోటి కొన్నారు, దాన్నీ అదే సంచిలో వేశారు. పాడైనవాటిని పారేయలేక ఇలా గుడ్డలో దాచుకున్నారు. పాపం, మగదిక్కు లేని ఇల్లు, చెప్పేవాళ్ళెవరు అని జాలిపడ్డాడు కూడా.

ఆ లోటు తీర్చడానికి తనున్నాడు కదా. తన పనిముట్ల సంచి విప్పాడు. పేరంటానికి పిలిచినా ఆ సంచి లేకుండా కదలడు.

కెమెరా చుట్టూ, ఛార్జింగ్ రంధ్రం మీద టేపు అంటించాడు. ముందు నీళ్ళలో తడిపిన సన్నని గరుకు కాగితం. ఒకటే దిక్కున, పైనుంచి కిందికి. అడ్డదిడ్డంగా రుద్దేవాడు గిన్నెలు తోముకోవాలి తప్ప ఈ పనికి పనికిరాడని అతని సిద్ధాంతం. తర్వాత ఇంకా సన్నని కాగితం. ఆ తర్వాత వేలికి చుట్టిన గుడ్డ మీద బఠాణీగింజంత పాలిష్ ముద్ద. రంగు పూత పట్టించిన అల్యూమినియం అయితే ముట్టుకునేవాడే కాదు, పూత లేచిపోతుంది. ఇది నిఖార్సయిన స్టీలు. పని మాత్రం తెలిసినవాడే, ఆ మాట ఒప్పుకోవాలి.

మొదటిది పావుగంటలో లొంగింది. రెండోదానికి చెమటలు పట్టాయి. మూడోదాని దగ్గర భుజం పట్టేసింది. వదిలేద్దామా అనిపించింది. కానీ ఆవిడ కాదంటే? ఆ ఆలోచనకే అతనికి భయం వేసింది. ఆ అమ్మాయి లేకుండా బతకడం అతనికి నిజంగానే చేతకాదు. పళ్ళు బిగించి రుద్దాడు.

గంటన్నర తర్వాత వీధిలో స్కూటర్ ఆగేసరికి మూడు ఫోన్లూ తళతళలాడుతున్నాయి. ఏది మొదటిదో ఏది మూడోదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

గుమ్మంలో తల్లి వెనకనుంచే అమ్మాయి సైగ చేసింది. ముఖం వెలిగిపోతోంది. 'ఒప్పుకుంది' అని చప్పుడు లేకుండా పెదాలు కదిపింది.

అమ్మగారు కాగితాల కట్ట బల్ల మీద పెట్టారు. "చూడు నాయనా, దారి పొడుగునా అమ్మాయితో మాట్లాడాను. ఆలోచిస్తే నువ్వు మంచివాడివే అనిపించింది. అందుకని..."

"ఒక్క నిమిషం అండీ! ముందు ఇది చూడండి."

పళ్ళెం రెండు చేతులా అందించాడు.

ఆవిడ ఒక ఫోను తీసి వెలుతురుకి వంచి చూశారు. రెండోది తీశారు. మూడోది తీయడానికి చేయి రాలేదు.

"మూడూనా?" అని అతి కష్టం మీద అడిగారు.

"మూడూనండీ! ఒక్క గీత మిగిల్తే నా బోర్డు పీకేస్తాను. భూతద్దం పెట్టి వెతుక్కోండి."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆనందబాష్పాలు! ఇంత చిన్న సాయానికే కరిగిపోయే మనిషిని ఇన్నాళ్ళూ కఠినురాలు అనుకున్నందుకు అతను మనసులోనే చెంపలేసుకున్నాడు.

"అయ్యో, ఎందుకండీ అంతలా... నేనేమన్నా పరాయివాడినా?"

అమ్మాయి గోడకి జారగిలబడి ముఖం చేతుల్లో దాచుకుంది. సిగ్గు కాబోలు.

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు.

"ఏ స్టీలు ఎన్నాళ్ళకి ఎంత గీసుకుపోతుందో పరీక్షించడం మా ల్యాబు పని నాయనా, రేపు మీటింగులో చూపించడానికని తాళంచెవులతో రోజుకి రెండొందలసార్లు లెక్కపెట్టి మరీ, ఆర్నెల్లపాటు ఆ గీతలన్నీ గీసింది నేనే."